దారంతో కోసిన గుడ్డు

అడ్డగుట్ట బస్తీ దవాఖానలో
రక్తం తీసే కుర్చీ పక్కన నా స్టూలు.
పొద్దున తొమ్మిదింటికి సూదులు లెక్కపెట్టుకుంటాను,
ఏడ్చే పిల్లలను లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను.

జోషిత ఏడవలేదు.
రెండున్నరేళ్ల పిల్ల. సూది దిగితే
తన వేలి వంక చూసింది,
అదెవరిదో అన్నట్టు.
నాకు భయం వేసింది అక్కడే.
ఏడవడానికైనా ఒంట్లో ఏదో ఒకటి ఉండాలి కదా.

చుక్క రావడానికి చాలాసేపు పట్టింది.
వచ్చాక చూస్తే
పెళ్లి పందిట్లో ఆఖరి వరుసకు మిగిలిన
షర్బత్ రంగు.
మిషను కాసేపు ఆలోచించి చెప్పింది:
ఆరు పాయింట్ రెండు.

"ఏం తింటుంది?"
ఎంత తేలికైన ప్రశ్నో నా నోటికి.
తాయమ్మ కొంగు సర్దుకుంది.
"పొద్దుగాల చాయ్‌ల బిస్కెట్ ముంచి పెడ్త మేడం,
మంచిగనే తింటది.
పగటీలి అన్నం, పచ్చిపులుసు.
రాత్రికి నేనొచ్చే యాళ్లకు పండుకుంటది."
ఆగి, గొంతు తగ్గించి,
"గోడ సున్నం గీకి తింటది.
కొట్టిన. ఒక దినం కట్టేసిన గూడ.
దిష్టి అంటున్రు అందరు."

దిష్టి కాదు తాయమ్మా.
తనకేం కావాలో మాట రాని ఒళ్లు
గోడను అడుగుతోంది.

చాయ్ మాన్పించు అన్నాను.
ఆకుకూర పెట్టు, నిమ్మకాయ పిండు, బెల్లం, పల్లీలు...
గోడ మీది బొమ్మల కాగితం చదివినట్టు చదివాను.
ఆమె తల ఊపుతూనే ఉంది.
బోయిగూడ తుక్కు గోదాములో ఇనుము ఏరే చేతులు,
గోళ్ల సందుల్లో తుప్పు.
టన్నుల కొద్దీ ఇనుము ఆ వేళ్ల మీదుగా పోతుంది రోజూ.
ఈ పిల్లకు కావలసిందంతా కలిపినా
ఒక చిన్న మేకంత ఉండదు.

"అంగన్‌వాడీలో గుడ్డు ఇస్తారు కదా?"
"ఇస్తరు. ఇంటికి తెచ్చుకుంట.
కుట్టు దారంతోని మూడు తుంటలు జేస్త,
పెద్దోనికి, నడిపిదానికి, దీనికి.
కత్తితోని కోస్తే పచ్చసొన కత్తికే అంటుకపోతది."
"మరి నీకు?"
నవ్వింది.
"దారం నాకు."

ఇప్పటికీ తెలియదు,
దారం తన వాటా అన్నదో,
దారాన్ని నాకుతానన్నదో.

నాలుగు నెలల కింద ఇచ్చిన సిరప్ సీసా
సంచిలోంచి తీసి చూపించింది. సగం నిండుగానే ఉంది.
"పండ్లు నల్లగైనయి, దొడ్డికి నల్లగ అయింది.
పానం మీదికి వస్తదని ఆపేసిన."
నల్లగా అవుతుంది, భయపడకు
అని ఒక్క ముక్క చెప్పాల్సింది నేను.
ఆ రోజు వరుసలో అరవై మంది ఉన్నారు.
ఆ మాటకు మిషను లేదు కనుక
నా తప్పు ఎక్కడా నమోదు కాలేదు.

గాంధీకి చీటీ రాశాం.
"రక్తం ఎక్కిస్తరా?" అని అడగలేదు ముందు.
"ఒక దినం పడ్తదా, రెండు దినాలా?" అన్నది.
ఒక దినమంటే ఒక కూలి.
రెండు దినాలంటే గోదాములో ఆ జాగలో ఇంకో ఆడమనిషి.

పోబోతుంటే కూర్చోపెట్టాను.
కింది కనురెప్ప లాగి చూస్తే
కడిగిన బియ్యం నీళ్లంత తెలుపు.
"నాదెందుకు మేడం, నేను మంచిగనే ఉన్న,
మెట్లెక్కితే జర దమ్ము, అంతే."
చేయి వెనక్కి లాక్కుంది.
నేను మళ్లీ పట్టుకున్నాను.
గట్టి వేలు, తుప్పు వాసన.

సూది తల్లి వేలికి దిగింది.

అప్పుడు ఏడ్చింది జోషిత.
తన వేలికి ఏడవని పిల్ల
స్టూలు పట్టుకుని, నా మోకాలి మీద కొడుతూ,
గొంతు పగిలేలా.

కొట్టవే తల్లీ, అనుకున్నాను.
ఇంకా గట్టిగా.